అమ్మానాన్నలతో ఫార్మ్ షాప్‌కి: భోజనం దగ్గర మొదలయ్యే ప్లాను

మా అమ్మ మొదటిసారి ఇంగ్లండ్‌లో మేముండే నాటింగ్‌హామ్ వచ్చిన ఏడాది, ఒక ఆదివారం అందరం కలిసి ఊరి బయట ఒక ఫార్మ్ షాప్‌కి వెళ్ళాం. పిల్లలు గొర్రెపిల్లల్ని చూశారు, ట్రాక్టర్ ఎక్కారు, ఎండ కూడా కాసింది. మూడుంపావుకి తీరిగ్గా భోజనానికి కూర్చుంటే వంట అయిపోయిందన్నారు. మిగిలినవన్నీ కేకులే. మా అమ్మ గుడ్డు ముట్టని మనిషి. మేం కాఫీలు తాగుతూ కేకులు తింటుంటే ఆవిడ పిల్లల సంచీలోంచి ఒక అరటిపండు తీసుకుని తిని, "నాకేం ఆకలిగా లేదే" అంది. ఇంటికొచ్చాక సాయంత్రం ఆరింటికి వంటింట్లో నిలబడే పెరుగన్నం కలుపుకుని గబగబా తింటుంటే చూశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత అమ్మా నాన్నా ఇంకో రెండుసార్లు వచ్చారు. ఈసారి నేను ఏ షికారు వేసినా ముందు భోజనం టైము రాసుకుని, మిగతా రోజంతా దాని చుట్టూ అల్లడం మొదలుపెట్టాను. అలా ఐదారుసార్లు వెళ్ళొచ్చాక తెలిసిన విషయాలివి. తెనాలి నుంచో, నల్గొండ నుంచో వచ్చిన పెద్దవాళ్ళని, అందులోనూ శాకాహారుల్ని, ఇంగ్లండ్ పల్లెల్లోకి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

ఫార్మ్ షాప్ అంటే రైతు తన పొలంలో పండినవీ, చుట్టుపక్కల రైతుల దగ్గర తీసుకున్నవీ అక్కడే అమ్మే కొట్టు. కొన్ని చోట్ల అది గేటు పక్కన ఒక చెక్క బీరువా, నాలుగు గుడ్ల అట్టలు, డబ్బులు వేసే డబ్బా, అంతే. కొన్ని చోట్ల పెద్ద సూపర్‌మార్కెట్ అంత ఉండి, పక్కనే భోజనం పెట్టే హాలు కూడా ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు రెండో రకమే చూసుకోండి. మాకు గంట దూరంలో ఉన్న చాట్స్‌వర్త్ ఫార్మ్ షాప్ అలాంటిదే. డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో, పిల్స్‌లీ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది. చాట్స్‌వర్త్ జమీందారీ వాళ్ళ పాత గుర్రాల శాలలో 1977లో అప్పటి డెవన్‌షైర్ డచెస్ డెబొరా మొదలుపెట్టారు. రైతులు నేరుగా అమ్మే ఇలాంటి పెద్ద కొట్లు అప్పటికి ఇంగ్లండ్‌లో చాలా తక్కువ.

దారి గురించి ఒక్క జాగ్రత్త. డెర్బీషైర్‌లో పిల్స్‌లీ పేరుతో రెండు ఊళ్ళున్నాయి. రెండోది చెస్టర్‌ఫీల్డ్‌కి దక్షిణాన ఉంది. ఫోనులో ఉత్త ఊరి పేరు కొడితే అది మిమ్మల్ని అక్కడికి తీసుకుపోవచ్చు. కొట్టు పూర్తి పేరు కొట్టండి, పోస్ట్‌కోడ్ డీఈ45తో మొదలవుతోందో లేదో చూసుకోండి. మేం ఎం1 హైవే మీద జంక్షన్ 29 దగ్గర దిగి, చెస్టర్‌ఫీల్డ్ మీదుగా బాస్లో వైపు వెళ్తాం. బాస్లో దగ్గర్నుంచి రోడ్డు సన్నబడి మలుపులు ఎక్కువవుతాయి. కారులో కడుపు తిప్పేవాళ్ళుంటే ముందు సీటు వాళ్ళకివ్వండి.

బయల్దేరే ముందు

ఆదివారం వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ఆదివారం మధ్యాహ్నం ఇక్కడి చాలా చోట్ల రోస్ట్ భోజనమే, అంటే ఓవెన్లో కాల్చిన మాంసమే, ముఖ్యం, మెనూ కుదించేస్తారు. శాకాహారికి మిగిలేది ఒకటో రెండో వంటకాలు. శనివారం నయం, పిల్లల బడి సెలవుల్లో మంగళవారమో బుధవారమో అయితే ఇంకా నయం. రద్దీ ఉండదు, వడ్డించేవాళ్ళకి మన ప్రశ్నలు వినే ఓపికా ఉంటుంది.

రెండు రోజుల ముందు ఫోన్ చేయండి. వెబ్‌సైటులో ఉండేది కొట్టు మూసే టైము. వంట ఆపే టైము వేరు. కొట్టు ఐదింటిదాకా ఉన్నా వంట చాలా చోట్ల రెండున్నరకో మూడింటికో ఆగిపోతుంది. ఆ రోజు మేం దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. కాబట్టి ఫోనులో మొదటి ప్రశ్న, చివరి ఆర్డరు ఎన్నింటికి అని. రెండోది, ఆ రోజు సూపు ఏమిటి, అది దేనితో కాస్తారు అని. మూడోది, టేబుల్ ముందుగా పట్టిపెడతారా అని. పట్టిపెట్టని చోటైతే పన్నెండు కొట్టకముందే వెళ్ళి కూర్చోండి. మా నాన్నకి షుగర్ ఉంది, మధ్యాహ్నం మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం పడాలి. అందుకని మాకు పన్నెండున్నర టేబుల్ ఖాయం. మాత్ర ఇంట్లో వేసుకుని బయల్దేరనివ్వకండి. భోజనం ఆర్డరు ఇచ్చాక, టేబుల్ దగ్గర వేసుకోమనండి. అక్కడిదాకా దారిలో నాలుగు బిస్కెట్లు, ఒక ఆపిల్ చేతికందేలా ఉంచండి.

బట్టల దగ్గర అమ్మలతో చిన్న యుద్ధమే. కొత్త చీర కట్టుకుని ఫొటో దిగాలని ఉంటుంది, తప్పు లేదు. అయితే పొలం గట్టు మీద బురద జూన్‌లో కూడా ఉంటుంది, చీర అంచు తడిస్తే ఇక ఆ రోజంతా చలే. మా అమ్మకి పంజాబీ డ్రెస్సు, కింద థర్మల్, ఉన్ని మేజోళ్ళు, బూట్లు అలవాటు చేశాను. ఫొటో కోసం చీర మీద స్వెటరు వేసుకుని దిగే రోజు వేరే పెట్టుకున్నాం. నాన్నకి మంకీ క్యాప్ చాలు. ఎండ ఉన్నా సరే, గుట్ట మీద గాలి చెవుల్లోకి పోతుంది.

కారులో ఒక చల్లటి పెట్టె, అందులో రెండు ఐస్ ప్యాకులు పెట్టుకోండి, వచ్చేటప్పుడు పాలకి కావాలి. ఒక ఖాళీ నీళ్ళ సీసా కూడా. ఇక్కడి మరుగుదొడ్లలో నీళ్ళుండవని పెద్దవాళ్ళు రోజంతా మంచినీళ్ళు తాగడం మానేస్తారు, ఆ సంగతి మనకి చెప్పరు కూడా. సీసా చేతికిచ్చి "ఇది అందుకే" అని ఒక్క మాట చెబితే చాలు, ఆ బెంగ తీరుతుంది. పిల్లల సీట్ల లెక్క కూడా ముందురోజే చూసుకోండి. పన్నెండేళ్ళు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అది, పిల్లలకి కారు సీటు ఉండి తీరాలి. రెండు సీట్లు బిగించిన వెనక వరసలో మధ్యన అమ్మ ఇరుక్కుని గంటసేపు కూర్చోలేదు. ఏడుగురు పట్టే కారు ఒక్కరోజుకి అద్దెకి తీసుకోవడం మేలు.

పులిహోర కట్టుకెళ్ళాలా? కట్టుకెళ్ళండి, సాయంత్రానికి. మధ్యాహ్నం వాళ్ళ హాల్లో కూర్చుని మన డబ్బా విప్పడం బాగుండదు, చాలా చోట్ల ఒప్పుకోరు కూడా. అంతకన్నా ముఖ్యం, ఈ ఊరి భోజనం కూడా తమ కోసం ఉందని పెద్దవాళ్ళకి తెలియాలి. ఆరునెలల వీసా మీద వచ్చి, ఎక్కడికెళ్ళినా డబ్బా తెరుచుకుంటూ కూర్చుంటే ఈ దేశంతో వాళ్ళకి పరిచయమే ఉండదు.

మెనూ చదవడం

ఇక్కడే ఎక్కువ ఓపిక కావాలి. ఇంగ్లండ్‌లో వెజిటేరియన్ అంటే మాంసం, చేప లేనిది. గుడ్డు ఉండొచ్చు. మన పెద్దవాళ్ళ లెక్కలో శాకాహారమంటే గుడ్డు కూడా లేనిది, పాలు పెరుగు ఉన్నది. ఆ లెక్కకి ఇక్కడి మెనూల్లో మామూలుగా విడిగా గుర్తు ఉండదు. అందుకని నేను కనిపెట్టిన దారి, మెనూలో వీగన్ గుర్తున్న వంటకం చూడటం. అందులో గుడ్డూ పాలూ రెండూ వేయరు. దాని మీదికి వెన్న, చీజ్ విడిగా తెప్పిస్తాను. అమ్మకి ఇదే నిశ్చింత.

చాలా హోటళ్ళలో ఎలర్జీల పుస్తకం అడిగితే ఇస్తారు, చట్టప్రకారం ఎక్కడైనా 14 పదార్థాల సంగతి చెప్పి తీరాలి. గుడ్డు, పాలు, చేప, ఆవాలు, నువ్వులు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. గుడ్డు ఉందో లేదో తెలుసుకోడానికి ఆ పుస్తకం బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాని ఆ 14లో మాంసపు కొవ్వు లేదు, ఎముకల రసం లేదు, పశువుల ఎముకలూ తోలూ ఉడికించి తీసే జెలటిన్ లేదు. అవి ఎలర్జీలు కావు కాబట్టి పుస్తకంలో కనబడవు. ఈ సంగతి తెలియక చాలామంది పుస్తకం చూసి సరేననుకుంటారు. కొవ్వు గురించి నోటితోనే అడగాలి.

ఎక్కడెక్కడ దాగుంటుందో చెప్తాను. రోస్ట్ బంగాళాదుంపలు చూడ్డానికి మన వేపుడులా ఉంటాయి, వాటిని చాలా చోట్ల ఆవు కొవ్వులోనో బాతు కొవ్వులోనో కాలుస్తారు. ఆవు కొవ్వుని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. మాంసాహారం తినే మన ఇళ్ళలో కూడా గొడ్డుమాంసం తిననివాళ్ళు ఎక్కువ కాబట్టి ఇది అందరూ అడగవలసిన ప్రశ్న. చిప్స్ కూడా కొన్నిచోట్ల అందులోనే వేయిస్తారు, లేదా చేప వేయించిన నూనెలో వేస్తారు. గ్రేవీ మాంసం రసంతోనే చేస్తారు, వెజిటేరియన్ గ్రేవీ అని విడిగా అడగాలి. రోస్ట్ పక్కన పెట్టే పొంగిన పిండి వంటకం యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఖాయం. సూపుల్లో కూరగాయలే కనబడినా అడుగున కోడి రసం ఉండొచ్చు. కూర లోపల పెట్టి కాల్చే 'పై' అనే వంటకం పిండిలో లార్డ్, అంటే పంది కొవ్వు, కలిపేవాళ్ళున్నారు. వూస్టర్ సాస్‌లో చిన్న చేపలుంటాయి, చీజ్ టోస్టు మీద చుక్కలు చల్లుతారు. చీజ్‌లో కూడా పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడినవి, వాడనివి అని రెండు రకాలున్నాయి. పార్మెజాన్ ఎప్పుడూ మొదటి రకమే. ఇక్కడి చెడ్డార్లు చాలావరకు రెండో రకం, అట్ట మీద వెజిటేరియన్ అని రాసి ఉంటుంది.

ఇంత అడిగితే విసుక్కుంటారేమోనని నాకు మొదట్లో బెరుకుగా ఉండేది. నేను చూసినంతలో ఫార్మ్ షాపుల్లో పనిచేసేవాళ్ళు ఏ బంగాళాదుంప ఏ పొలంలోదో చెప్పడానికి ఇష్టపడే మనుషులు. తెలియకపోతే లోపలికెళ్ళి వంటవాళ్ళని అడిగొస్తారు. రద్దీ పెరగకముందు అడగాలి, అంతే. అమ్మ చేతిలో ఒక చీటీ కూడా పెట్టాను. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, మాంసపు కొవ్వూ రసమూ లేవు, పాలు పెరుగు వెన్న పరవాలేదు అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ఇప్పుడు తనే వెళ్ళి చూపించి, వాళ్ళు వేలుపెట్టి చూపించినవాటిల్లోంచి ఎంచుకుంటుంది.

మరి ఏం తినాలి? అన్నిటికన్నా నమ్మకమైనది జాకెట్ పొటేటో. తొక్కతో సహా ఓవెన్లో కాల్చిన పెద్ద బంగాళాదుంప, మధ్యకి చీల్చి వెన్న, చీజ్, చిక్కుళ్ళ టమాటా కూర వేసి ఇస్తారు. పొగలు కక్కుతూ వస్తుంది. దాని మీద మిరియాలపొడి దండిగా చల్లుకుని అమ్మ మొత్తం తింటుంది. చలికాలం అయితే దేని రసంతో కాచారో అడిగి చూసుకున్న లీక్ (ఉల్లికాడల్లాంటి కూర)-బంగాళాదుంప సూపు, పక్కన రొట్టె.

మా నాన్నకి నచ్చింది ప్లౌమన్స్ లంచ్. ఒక చెక్క పలక మీద గట్టి చీజ్ ముక్క, రొట్టె, ఊరవేసిన ఉల్లిపాయ, తీపీ పులుపూ కలిసిన పచ్చడి, ఆపిల్ ముక్కలు. మాంసం పెట్టేచోట అది తీసేయమని చెప్పాలి. దున్నేవాడి భోజనం అని పేరుకి అర్థం చెబితే నాన్న పలక కేసి చాలాసేపు చూసి, "పొలానికి మా అమ్మ తెచ్చే చద్దన్నంలోనూ ఇదేగా, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా" అన్నారు. ఆ పేరుని ఊరూరా వ్యాపింపజేసింది 1950ల్లో చీజ్ అమ్ముకునేవాళ్ళ సంఘమే అయినా, రొట్టె చీజ్ ఉల్లిపాయ కట్టుకుని పొలానికెళ్ళడం అంతకు ఎంతో ముందునుంచీ ఉన్న అలవాటు. పచ్చిమిరపకాయ మాత్రం ఇక్కడ దొరకదు. నేను సంచీలో రెండు పెట్టుకెళ్తాను.

తీపి దగ్గర కేకులన్నిట్లో గుడ్డుంటుందనే అనుకోండి. స్కోన్ అనే చిన్న గుండ్రటి రొట్టె కొన్నిచోట్ల గుడ్డు లేకుండా చేస్తారు, కాని పైన మెరుపు కోసం గుడ్డు పూస్తారు, అదీ అడగండి. బేక్‌వెల్ పక్క ఊరే కాబట్టి బేక్‌వెల్ పుడ్డింగ్ రుచి చూడమని అందరూ చెబుతారు. బాదం, గుడ్డు, జామ్ కలిసిన తీపి అది, మా పిల్లలకి ప్రాణం, అమ్మకి కాదు. ఆవిడకి స్ట్రాబెర్రీల కాలంలో ఒక గిన్నెడు పళ్ళు, మీద చిక్కటి క్రీము.

ఇంకొక్క మాట. ధరలున్న మెనూ అమ్మ చేతికివ్వను. పౌండ్లని రూపాయల్లోకి మార్చుకుని సూపు చాలంటుంది. నేనే చదివి వినిపిస్తాను.

తిరగడం, భోజనానికి ముందే

భోజనం తర్వాత పెద్దవాళ్ళకి నడక రాదు, పిల్లలకి ఆగడం రాదు. అందుకని పదింపావుకల్లా చేరుకుని తిరగవలసింది తిరిగేస్తాం. కొట్టుకి కారులో ఐదు నిమిషాల దూరంలో చాట్స్‌వర్త్ పార్కు, డెర్వెంట్ నది, ఒడ్డున పెద్ద మహలు. పార్కులో నడవడానికి టికెట్టు అక్కర్లేదు. మహలు, తోట, పిల్లల ఫార్మ్‌యార్డ్ చూడాలంటే టికెట్టు కొనాలి, కారు నిలపడానికి డబ్బు కట్టాలి. అన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. పెద్దవాళ్ళుంటే పార్కు, ఊరు. పిల్లల రోజైతే ఫార్మ్‌యార్డ్. తిండి ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకి చూపించడానికి 1973లో పెట్టారు దాన్ని. చలికాలంలో కొన్ని వారాలు మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

పార్కు అంచున ఎడెన్సర్ అనే ఊరుంది, ఎన్జర్ అని పలుకుతారు. అప్పటి జమీందారు, ఆరో డెవన్‌షైర్ డ్యూక్, 1830ల చివర్లో ఆ ఊరిని మహలు కిటికీలకి కనబడకుండా పక్కకి జరిపి కొత్తగా కట్టించాడు. ఒక ఇల్లు ఉన్నట్టు ఇంకో ఇల్లు ఉండదు. చర్చి వెనక గట్టెక్కితే జమీందారు కుటుంబం సమాధులు. అందులో ఒకటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు కాథ్లీన్‌ది. ఆవిడ ఈ ఇంటి కోడలు, 1948లో విమానప్రమాదంలో పోయింది. 1963 జూన్ 29న కెనెడీ ఇక్కడికొచ్చి ఆ సమాధి దగ్గర నిలబడ్డాడు, అదే నవంబరులో ఆయన్నీ చంపేశారు. కెనెడీ పోయిన వార్త తెనాలిలో రేడియోలో విన్న జ్ఞాపకం మా నాన్నకి ఉంది. ఆ గట్టు మీద ఆయన చెప్పులు విప్పి నిలబడ్డారు.

అయితే నాన్నని ఇంకా పట్టుకున్నది అరటి కథ. ఆయన కొల్లిపర దగ్గర ఎకరంన్నర కర్పూర అరటి వేసేవారు. చాట్స్‌వర్త్ తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1830ల్లో ఇక్కడి గాజు ఇంట్లో ఒక పొట్టి అరటి మొక్కని పెంచాడు, 1835లో అది పువ్వేసింది. యజమాని ఇంటి పేరు పెట్టి దాన్ని కేవెండిష్ అన్నారు. ఇవాళ ఇంగ్లండ్ సూపర్‌మార్కెట్లలో దొరికే అరటిపండు దాదాపు అంతా ఆ రకమే. కడప, అనంతపురం జిల్లాల్లో టిష్యూకల్చర్ మొక్కలు తెచ్చి వేస్తున్న గ్రాండ్ నైన్, అదే మన రైతులు జీ9 అనేది, ఆ కేవెండిష్ కుటుంబంలోదే. ఇంత చలిలో అరటి గెల వేయించాడా అని నాన్న రెండుసార్లు అడిగారు. మీ ఇంట్లో సేద్యం చేసిన పెద్దాయన ఉంటే ఈ కథ కారులోనే చెప్పి తీసుకెళ్ళండి. చూసే చూపే మారిపోతుంది.

పశువుల దగ్గర కొన్ని పట్టింపులు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. తీగ కంచె మీద పసుపు అట్ట ఉంటే అందులో కరెంటు ఉంటుంది. ఆవు కనబడగానే అమ్మ దగ్గరికెళ్ళి తోక కళ్ళకద్దుకోబోయింది, నేను పరిగెత్తి ఆపాను. ఇక్కడి ఆవులు మన ఇంటి ఆవుల్లా మనిషి చెయ్యి మరిగినవి కావు, మంద మందగా తిరుగుతాయి, పక్కన దూడ ఉంటే మీదికొస్తాయి. దణ్ణం దూరం నుంచే. మన సంచీలోది ఏదీ వాటికి పెట్టకూడదు. గొర్రెలు ఈనే కాలంలో గర్భిణులు గొర్రెల దగ్గరికి వెళ్ళకూడదని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. పిల్లలు గొర్రెపిల్లని ముట్టుకున్నాక సబ్బుతో, పారే నీళ్ళతో చేతులు కడగాలి. సంచీలో ఉన్న జెల్ రాసేస్తే సరిపోదు, పేడలో ఉండే కొన్ని క్రిములకి అది పనిచేయదు. కడుక్కున్నాకే భోజనం బల్ల దగ్గరికి.

కొట్టులో కొనడం

భోజనమయ్యాక, ఇంటికి బయల్దేరే ముందు కొనాలి. మన వంటింటికి పనికొచ్చేవి ఏమిటో ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా రూబార్బ్ కాడలు వస్తాయి. ఎర్రగా, పుల్లగా ఉంటాయి. ఇక్కడివాళ్ళు చక్కెర పోసి తీపి వండుకుంటారు. అమ్మ ఒక ముక్క కొరికి "చుక్కకూరే" అంది. నిజంగానే రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పప్పులోకి దీన్ని మించింది లేదు. అయితే కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టకండి, పులుపుకి పప్పు ఉడకదు. పప్పు ఉడికాక, అంగుళం ముక్కలు కోసి పచ్చిమిరపకాయలతో వేసి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి, కరిగిపోతాయి. చింతపండు అక్కర్లేదు. ఆకు మాత్రం విషం. ఆకుకూరే కదా అని వండకూడదు, పెద్దవాళ్ళకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

శరదృతువులో బ్రామ్లీ ఆపిల్. పచ్చగా, పెద్దగా, పులుపుగా ఉంటుంది. ఇది మా నాటింగ్‌హామ్‌షైర్ పంట. సౌత్‌వెల్ అనే ఊళ్ళో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజ నుంచి వచ్చింది. తర్వాత ఆ ఇల్లు కొనుక్కున్న మాంసం వ్యాపారి పేరు చెట్టుకి వచ్చింది. పచ్చిమామిడికాయ దొరకని ఊళ్ళో ఇది మనకి దేవుడిచ్చిన కాయ. తురిమి పులిహోర చేసేటప్పుడు స్టవ్ ఆపేసి, వేడి పోపులో తురుము కలపండి, మంట మీద వేస్తే గుజ్జయిపోతుంది. ముక్కల పచ్చడికి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె మన కొలతలే. ఊటలో మెత్తబడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో తినేయాలి.

అక్టోబరులో గుమ్మడికాయలు గుట్టలు పోస్తారు. నారింజ రంగువి హాలోవీన్ పండక్కి చెక్కి దీపం పెట్టుకోడానికి, లోపల నీళ్ళే. దప్పళానికీ పులుసుకీ బూడిదరంగు తొక్క ఉన్న క్రౌన్ ప్రిన్స్ అడగండి. చిక్కగా, తియ్యగా ఉంటుంది, దెబ్బ తగలనిది చల్లటిచోట పెడితే సంక్రాంతిదాకా ఆగుతుంది. జులైలో గూస్‌బెర్రీలు ఉసిరికాయ పచ్చడికి బదులు. రన్నర్ బీన్స్ చిక్కుడులా వండుకోవచ్చు, పచ్చిగా తినకూడదు.

ఇక పాలు. కొన్ని పొలాల్లో కాచని పాలు, రా మిల్క్ అంటారు, రైతు నేరుగా అమ్ముతాడు. ఇంగ్లండ్‌లో అది సూపర్‌మార్కెట్లో అమ్మకూడదు, స్కాట్లండ్‌లో 1983 నుంచి పూర్తిగా నిషేధం. సీసా మీద హెచ్చరిక రాసి ఉంటుంది. పిల్లలకీ పెద్దవాళ్ళకీ గర్భిణులకీ పచ్చిగా అసలు పట్టకూడదు. మనం ఎలాగూ పొంగొచ్చేదాకా కాచే వాళ్ళమే, కాచే తాగండి. అది వద్దనుకుంటే పాశ్చరైజు చేసి, అంటే క్రిములు చచ్చేలా వేడిచేసి, మీగడ విడగొట్టకుండా వదిలిన పాలు అడగండి. హోమోజినైజు చేయనివి అని రాసి ఉంటుంది. సీసా మెడ దగ్గర పసుపురంగు మీగడ కడుతుంది. జెర్సీ ఆవు పాలైతే ఇంకా చిక్కన.

మొదటిసారి ఆ సీసా చూసి అమ్మ మొహం వెలిగిపోయింది. దారంతా చల్లటి పెట్టె ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని పాలు కాచింది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, ఊరి నుంచి వచ్చినప్పటి నుంచీ తను తిప్పుకొస్తున్న తోడు ఒక చెంచాడు వేసి, గిన్నె మీద మూతపెట్టింది. మా ఇంట్లో పెరుగు తోడుకోదనేది అమ్మ మొదటి ఫిర్యాదు, ఇల్లు చల్లన. దానికి ఓవెన్ వెలిగించక్కర్లేదు. లోపలి దీపం మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టి తలుపు మూసేయండి. దీపం వేడికి రాత్రి పది నుంచి ఉదయం ఆరింటికల్లా తోడుకుంటుంది. పొద్దున నేను లేచేసరికి అమ్మ గిన్నెని పక్కకి వంచి చూపించింది, మీగడ చెదరలేదు.